గృహోద్యానము: తొట్టిలోని యాశ్రితులు



క్రిందటి నెల యీ శీర్షికలో తొట్టియు మన్నును ఎట్లు సమకూర్చుకొనవలెనో ముచ్చటించుకొంటిమి. ఈ నెల మొక్కకు గ్రాసమును గూర్చి వ్రాయుదునని మాట యిచ్చియుంటిని. ఇంతలో పులివెందుల ప్రాంతమునుండి యొక సోదరి వ్రాసిన లేఖ చేతికి వచ్చినది. ఆ లేఖ యీ నెల విషయమునకు సరిగా సరిపోవుటచే దానినే ముందుంచుకొని వ్రాయుచున్నాను. ఆమె వ్రాసిన దిది:

"అక్కా, సంక్రాంతినాటికి ఆఱు తొట్లు పెట్టితిని. మొదట మూడు నెలలు కన్నులపండువుగా నున్నవి. ఇప్పుడు నీళ్ళు తప్పక పోయుచున్నను ఆకులు పసుపువన్నెకు దిరిగి యెదుగుదల నిలిచినది. మా యత్తగారు 'త్రాగెడు నీళ్ళు డబ్బాలతో కొనుక్కొను నింట చెట్లకు నీళ్ళేమిటే? అందున చచ్చెడు చెట్లకు!' అనుచున్నారు. ఆమె మాటలో నాకు తప్పు కానరాదు. ఉంచుదునా, తీసివేయుదునా? ఉంచినచో వీనివలన మాకు లాభ మేమి?"

ఈ లేఖయందు మూడు ప్రశ్న లున్నవి. నీళ్ళు పోయుచున్నను మొక్క యేల క్షీణించినది? నీటికి కటకటయైన యూర మొక్కకు నీరు పోయుట న్యాయమేనా? ఇంతచేసి పెంచినందున ఇంటికి గలుగు మేలేమి? మూడింటికిని వరుసగా సమాధానము చెప్పుటకు యత్నించెదను.

నీరొక్కటియే చాలునా?

అభిజ్ఞాన శాకుంతల నాటకమున నాలుగవ యంకమందు కణ్వమహర్షి శకుంతలను అత్తవారింటికి సాగనంపుచు, తమకు నీరు పోయనిదే తాను నీరు ముట్టని పిల్ల వెళ్ళిపోవుచున్నదని ఆశ్రమవృక్షములకు విన్నవించును. ఆడుబిడ్డను పంపిన తల్లు లెవ్వరైనను కన్నుచెమర్పక చదువజాలని ఘట్టమది. అయితే ఆ తపోవనపు చెట్లకును మన తొట్టిలోని మొక్కకును గొప్ప భేద మొకటి కలదు. అవి నేలలో పాతుకొన్నవి. కావలసిన యాహారమునకై వాని వేళ్ళు ఎంతదూరమైనను పోగలవు. తొట్టిలోని మొక్కయో పంజరములోని చిలుకవంటిది. మనము పెట్టినదే దానికి తిండి, పెట్టనినాడు పస్తు. తానుగా వెదకుకొనుటకు దారి లేదు.

"నీరే చెట్టునకు ఆహారము" అను భ్రమ పెద్దపెద్ద పండితులకును కలిగినదే. వాన్ హెల్మాంటను ఫ్లెమిషు వైద్యు డొకడు 200 పౌనుల యెండుమన్ను తొట్టిలో పోసి, 5 పౌనుల తూగు విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు నీరు మాత్రము పోయుచు వచ్చెను. అయిదేండ్లకు చెట్టు సుమారు 169 పౌనులు తూగినది. మన్ను నెండబెట్టి తూచగా తఱిగినది రెండు ఔన్సులు మాత్రమే! చెట్టంతయు నీటినుండియే పుట్టినదని యాతడు తేల్చెను. ఈ వృత్తాంతము ఆతని మరణానంతరము 1648 లో అచ్చుపడినది. చెట్టు తన యొడలిని కట్టుకొనునది ప్రధానముగా గాలిలోని బొగ్గుపులుసుగాలినుండియు నీటినుండియు నని తరువాతివారు గ్రహించిరి. 1779 లో ఇంగెన్‌హౌజను నాతడు ఆకుపచ్చని భాగములు వెలుతురునందే యీ పని చేయునని చూపెను. వాన్ హెల్మాంటు లెక్కకు రానిదిగా విడిచిన ఆ రెండు ఔన్సులే నేటి మన ప్రసంగమునకు మూలము.

ఆ రెండు ఔన్సులలో నుండినవి నత్రజని, భాస్వరము, పొటాషు, సున్నము, ఇనుము, జింకు మొదలగునవి. మొక్కకు తప్పనిసరియైన మూలద్రవ్యములు 17 అని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వానిలో 14 మన్నునుండియే రావలెను. ఇవి కావలసినది కొంచెమే గాని ఆ కొంచెము లేనిదే గాలియు నీరును ఎంత యున్నను ప్రయోజనము లేదు. 1840 ప్రాంతమున జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగు ప్రచారమునకు తెచ్చిన సూత్ర మొకటి కలదు. మొక్క యెదుగుదల దానికి పుష్కలముగా నున్న ద్రవ్యముల ననుసరింపదు; అన్నిటికంటె కొఱతగా నున్న దాని ననుసరించును. పులుసులో ఉప్పు తక్కువైనచో చింతపండు ఇబ్బడిగా వేసినంతమాత్రమున లోపము తీఱునా? ఇదియు నట్లే.

ఇప్పుడు మన సోదరి తొట్టిని చూతము. అందులోని మన్ను మూడు నాలుగు కిలోలకు మించదు. అందులోని సారమును మొక్క కొంత తినును. నీరు పోసినప్పుడెల్ల అడుగు రంధ్రమునుండి కొంత కొట్టుకొని పోవును. మూడు నెలలు కళకళలాడి పిదప వెలవెలబోవుటకు కారణ మిదియే. ఆమె నీరు పోయుచునే యున్నది గాని అన్నము పెట్టలేదు.

మన పూర్వు లీ సంగతి నెఱుగకపోలేదు. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదమున కొక యధ్యాయమే కలదు. మేక, గొఱ్ఱెల పెంటికల పొడి, నువ్వులు మొదలగువానిని నీటిలో ఏడు రాత్రులు నిలువబెట్టి పోయవలెనని అందు చెప్పబడినది. సురపాలుడు సంస్కృతమున రచించిన వృక్షాయుర్వేద గ్రంథపు వ్రాతప్రతి ఆక్సుఫర్డునందలి బోడ్లియను గ్రంథాలయమున నుండగా, నళినీ సాధలే గారు దాని నాంగ్లమున కనువదించిరి. ఆ యనువాదమును సికింద్రాబాదునందలి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషనువారు 1996 లో ప్రకటించిరి. అందలి కుణపజలమును మాంసము, కొవ్వు మొదలగువానితో కాచుదురు గనుక అది మన వంటింటి దరికి రాదు. మేక పెంటికల కన్ననో కడప సీమలో కొదువ యున్నదా? చేలలో మందలు కట్టించుట మనవారికి తరతరముల యలవాటు.

ఆకు చెప్పు మాట

మొక్కకు నోరు లేదు గాని ఆకు గలదు. బిడ్డ నాలుకను వైద్యుడు చూచినట్లు ఆకును చూడ నేర్చుకొనవలెను. అడుగునున్న ముదురాకులు మొదట పసుపువన్నెకు తిరిగినచో నత్రజని కొఱత యని గ్రహింపుడు. మొక్క తన ముదురాకులలోని సారమును పిండి లేతాకులకు పంపుకొనుచున్నదన్నమాట. తల్లి తాను పస్తుండి పిల్లలకు పెట్టుట వంటిది. అట్లుగాక కొనలయందలి లేతాకులే పాలిపోయి, ఈనెలు మాత్రము పచ్చగా నిలిచినచో అది ఇనుము కొఱత. ఇనుము ముదురాకునుండి లేతాకునకు సులభముగా కదలదు. అందుచే కొఱత లేతాకునందే కానవచ్చును. ఆకు అంచులు మాడినట్లు గోధుమవన్నెకు వచ్చినచో పొటాషు కొఱతయైనను కావచ్చును, మన్నులో ఉప్పు పేరుకొనుటయైనను కావచ్చును. తొట్టి యంచున తెల్లని పొర కట్టియున్నచో ఉప్పే కారణమని నిశ్చయింపవచ్చును.

మా తొండూరు, పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతముల సోదరీమణులకు ఈ ఇనుము సంగతి మిక్కిలి ముఖ్యము. మనది సున్నపురాతి సీమ. దేశమంతట కడప బండయని పేరొందిన నల్లరాయి సున్నపురాయియే. ఎఱ్ఱగుంట్ల చుట్టుపట్ల సిమెంటు కర్మాగారములు వెలసినది ఈ రాతి మూలముననే. అందుచే మన బోరునీటిలో సున్న మధికము. కాగు అడుగున తెల్లని పెచ్చు కట్టుట మీరందఱు చూచునదే కదా. సున్నము మిక్కుటమైన మన్నులో ఇనుము ఉన్నను మొక్క వేళ్ళకు అందదు. కొట్టులో బియ్య మున్నను తాళపుచెవి చేతలేని కోడలి పాటు అది! మీ మన్నును పరీక్షింపవలెనన్నచో ఎండిన మన్ను చెంచాడు తీసికొని దానిపై నిమ్మరసము పిండి చూడుడు. బుసబుసమని బుడగలు లేచినచో సున్నము హెచ్చుగా నున్నట్లు తెలియును.

కావున కోడిగ్రుడ్డు పెంకులును, కట్టెబూడిదయు తొట్టిలో వేయుమని ఎవ్వరైన చెప్పినచో మన సీమవారు దానిని పాటింపరాదు. బూడిదలో పొటాషున్న మాట నిజమే. కాని యది సున్నమువలెనే మన్ను క్షారగుణమును హెచ్చించి, ఉన్న ఇనుమును మఱింత దూరము చేయును. పులుపు మన్నుగల ప్రాంతములకు మంచి చేసినది మనకు చెఱుపు చేయును.

దీనికి మందు మన యింటనే యుండును. వేరుసెనగ చేను పసుపువాఱినపుడు మన రైతులు చల్లునది అన్నభేది. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేదియు, 1 గ్రాము నిమ్మ ఉప్పును కరగించి చల్లవలెను. చేనికి కలిపినప్పుడు ఒక చెంబెడు మీ మొక్కలకు అడిగి తీసికొనుడు. ఎండ తగ్గిన సాయంతనమున ఆకులపై సన్నగా చల్లి, వారము గడచిన పిదప మరల చల్లినచో క్రొత్తగా వచ్చు ఆకులు పచ్చగా నుండును. వంటపాత్రలో కలుపకుడు, పిల్లలకు అందనీయకుడు. బండలపై చిందినచో తుప్పుమరకలు పడును గనుక తొట్టిని పెరటిలోనికి మార్చి చల్లుడు.

గ్రాసము పెట్టు విధము

పేదయిల్లైనను కలవారి యిల్లైనను మొక్కకు వలసిన గ్రాసము కొనకయే దొరకును. పశువుల యెరువు మాగి, నలుపెక్కి, పేడవాసన పోయినదై యుండవలెను. పచ్చిపేడ వేసినచో తొట్టిలో వేడి పుట్టి వేళ్ళు కాలును. మాగిన యెరువులో నత్రజని నూటికి అరపాలు మాత్రమే యుండును గాని, అది మన్నును గుల్లపఱచి తేమను పట్టియుంచును. నల్లరేగడి మన్నుతో తొట్టి నింపినవారికి ఇది మఱింత యవసరము. ఎండిన రేగడి పగుళ్ళిచ్చి, పోసిన నీరు ఆ పగుళ్ళవెంట అడుగునకు జాఱిపోవును.

బలమైన యాహారము గానుగపిండి. వేరుసెనగపిండిలో నత్రజని నూటికి సుమారు 7 పాళ్ళు, వేపపిండిలో 5 పాళ్ళు కలదు. వేపపిండి వేళ్ళను తిను పురుగులను గూడ దూరముగా నుంచును. వేరుసెనగపిండి గుప్పెడు తీసికొని ఒక పాత కుండలో రెండు చెంబుల నీరు పోసి మూడు నాలుగు దినములు నాననిండు. దుర్వాసన వచ్చును గనుక కుండను పెరటి మూల నుంచి మూత వేయుడు. పిదప పైతేట నొక గ్లాసు తీసి పది గ్లాసుల నీటిలో కలిపి, తొట్టి కొక గ్లాసు చొప్పున పదునైదు దినముల కొకమాఱు పోయుడు. ఆముదపుపిండి కూడ మంచి యెరువే గాని అందులో విష మున్నది. కుక్కలును పసిపిల్లలును మెసలు ఇండ్లలో దానిని వాడకుండుట మేలు.

ఇంటివారు చేనికి తెచ్చిన 19-19-19 అను కరగుడు ఎరువు ఉన్నచో లీటరు నీటికి 1 గ్రాము చాలును. యూరియా మాత్రము చిటికెడుకు మించరాదు. గుప్పెడు వేసినచో తెల్లవాఱునప్పటికి మొక్క మాడిపోవును. ఉప్పులో నూరిన యూరగాయ ముక్క నీరు కక్కినట్లు, గాఢమైన యెరువు మధ్య వేళ్ళు తమలోని నీటిని కక్కివేయుటయే దీనికి కారణము.

మఱి నాలుగు నియమములు గలవు. ఎండిన మన్నుపై ఎరువు పోయరాదు. ముందు నీరు పోసి తడిపిన పిదపనే పోయవలెను. క్రొత్తగా నాటిన మొక్కకు నెలదినములవఱకు ఎరువు వలదు. బాలింతకు పత్యము వంటి దిది. వాడి, కుళ్ళి, రోగముతో నున్న మొక్కకు ఎరువు పెట్టుట జ్వరపడిన వానికి పిండివంటలు పెట్టుట వంటిది. ముందు రోగకారణమును తొలగింపుడు. నాలుగవది కాలనియమము. రోహిణి కార్తె యెండలలో మొక్క ప్రాణము నిలుపుకొనుటయే గొప్ప గనుక అప్పుడు గ్రాసము మానుడు. మృగశిర ప్రవేశించి చల్లబడి, క్రొత్త చిగురు కనబడిన పిదప ప్రారంభించి కార్తికమువఱకు పెట్టుడు. చిగురు వేయుచున్న మొక్కయే ఆకలిగొన్న మొక్క యని గుర్తుంచుకొనుడు.

నీటి న్యాయము

ఇక అత్తగారి యాక్షేపణము. అది కొట్టివేయదగినది కాదు. బిందె దూరమునుండి మోసి తెచ్చిన చేయి అట్లనుట సహజము. నీటి విలువ నెఱిగినవారి మాట కనుక లెక్క వేసి సమాధానము చెప్పవలెను.

మా యింట అయిదుగురము. బియ్యము, పప్పు, కూరగాయలు కడిగిన నీటిని ఒక వారము వేఱు పాత్రలో పోసి కొలిచి చూచితిని. దినమునకు 6 లీటర్లకు తక్కువ కాలేదు. మాకున్న తొమ్మిది తొట్లకు ఎండకాలమున సైతము తొట్టికి అరలీటరు మొదలు ముప్పావు లీటరువఱకు సరిపోవును. అనగా త్రాగెడు నీటినుండి చుక్కయైన తీయకయే మొక్కలు బ్రదుకుచున్నవి. ఇంట పాడిపశు వున్నచో కడుగునీరు కుడితితొట్టికే చెందవలెను. దాని హక్కు మొక్క హక్కుకంటె పెద్దది. అట్టివారు కూరగాయలు కడిగిన నీటితో సరిపెట్టుకొని తొట్లను రెండు మూడింటికి తగ్గించుకొనవచ్చును. బియ్యపు కడుగునీటిలో మొక్కకు కొంత సారమున్నది గాని, దానిని నిలువయుంచి పులియబెట్టి పోసినచో చిన్న యీగలు చేరును. ఆ పూటది ఆ పూటయే పోయుడు. ఉప్పు కలిసిన గంజియు, సబ్బునీళ్ళును, అంట్లు తోమిన నీళ్ళును తొట్టికి పనికిరావు.

నీటిని శుద్ధిచేయు యంత్రము ఇంట నున్నవారు వేఱొక సంగతి గమనింపవలెను. ఆ యంత్రము ఒక గొట్టమున మంచినీరును, వేఱొక గొట్టమున విడిచిపెట్టు నీరును ఇచ్చును. మంచినీటినుండి తీసిన ఉప్పంతయు ఆ విడుపునీటిలో చేరును. పాఱబోయుట యెందుకని దానిని తొట్లకు పోసినచో కొన్ని నెలలలో మన్ను ఉప్పుబాఱును. దానితో ముంగిలి కడుగుకొనుడు. చలువయంత్రమునుండి కాఱు నీరు మాత్రము ఉప్పులేనిది, మొక్కకు మంచిది. వాననీటికి మించినది లేనేలేదు. మొదటి వానకు మిద్దె కడిగి విడిచి, తరువాతి వానలలో దోనెక్రింద డ్రమ్ము నుంచి పట్టుకొనుడు. నెల రెండునెలల కొకమాఱు ఆ నీటిని తొట్టి అడుగునుండి ధారగా కాఱునట్లు పోసినచో పేరుకొన్న ఉప్పు కొట్టుకొనిపోవును.

నీరు చాలక చచ్చు మొక్కలకంటె నీరు హెచ్చై చచ్చునవే యెక్కువ యని మఱువకుడు. వ్రేలు రెండు కణుపులు మన్నులోనికి దింపి చూచి, పొడిగా తోచినపుడే పోయుడు. తొట్టిక్రింది పళ్ళెములో నీరు నిలువనీయకుడు. సీసాలో మనీప్లాంటు పెంచువారును జాగ్రత్తపడవలెను. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ ఇట్టి తేటనీటియందే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమయై యెగురుటకు వారముపైన పట్టును. కావున ప్రతి శుక్రవారము ఇల్లు కడుగుకొను వేళ పళ్ళెములును సీసాలును బోర్లించి, రుద్ది కడిగినచో ఆ భయ ముండదు.

ఇంటికి కలుగు మేలు

చివరి ప్రశ్న లాభమును గూర్చినది. అమ్మువారు చెప్పు లాభములలో మొదటిది "ఈ మొక్క గదిలోని గాలిని శుభ్రపఱచును" అనునది. ఈ మాటకు మూలము 1989 లో అమెరికా దేశపు నాసా సంస్థకై వుల్వర్టను అను శాస్త్రజ్ఞుడు చేసిన పరిశోధన. ఆ పరీక్ష గాలి చొరని మూతపెట్టెలలో జరిగినది. మన యిల్లు మూతపెట్టె కాదు కదా! 2019 లో కమింగ్సు, వేరింగు అను నిరువురు పాత పరిశోధనల నన్నిటిని కూర్చి లెక్కగట్టిరి. కిటికీలు తలుపుల గుండ వచ్చిపోవు గాలి చేయు శుద్ధికి సమానముగా మొక్కలు చేయవలెనన్నచో చదరపు మీటరు నేలకు 10 మొదలు 1000 వఱకు మొక్కలుండవలెనని వారు తేల్చిరి. కావున గాలికొఱకు కిటికీ తెఱచుట యొక్కటే మార్గము. ఆ పేరు చెప్పి వందలు పోసి మొక్కలు కొనకుడు. కొనిన వానిలో డిఫెన్‌బాకియా, మనీప్లాంటు వంటివాని యాకు నమలినచో పసిపిల్లల నోరు మండి వాచును. గన్నేరు ప్రాణాపాయకరము, ప్రాకెడు బిడ్డ గల యింట దాని కొమ్మ నైన నుంచవలదు.

నిజమైన లాభములు వేఱు గలవు. కరివేప, పుదీన, కొత్తిమీర, మెంతికూర తొట్టిలో పెరుగుచున్నచో రెండు రెబ్బలకై అంగడికి పోనక్కఱలేదు. మెంతులు చల్లిన మూడు నాలుగు వారములకే కూర కోతకు వచ్చును. వామాకు బజ్జీకిని, పచ్చడికిని నిత్యము చేతికందును. మల్లె, కనకాంబరము, మరువము ఉన్న యింటి ఆడుబిడ్డకు పువ్వు వెలితి లేదు. పట్టణములలో స్నేక్ ప్లాంటని వెలపోసి కొను మొక్కకు జ్ఞాతి మన చాగనార. కోరమాండలు తీరపు మొక్కలను వర్ణించిన రాక్స్‌బరో, సామర్లకోటలో తోటవేసి పరిశోధించినవాడు, ఆతని పేరిటనే శాస్త్రజ్ఞులు దానికి నామకరణము చేసిరి. నీరు తక్కువైన మన యిండ్లకు అది మిక్కిలి తగినది.

అన్నిటికంటె పెద్ద లాభము వేఱొకటి. 1976 లో అమెరికాలోని ఒక వృద్ధాశ్రమమున లాంగరు, రోడిను అను నిరువురు విదుషీమణులు ఒక పరీక్ష జరిపిరి. కొందఱు వృద్ధులకు తమ దినచర్యను తామే నిర్ణయించుకొనుడని చెప్పి, తలకొక మొక్కనిచ్చి దాని పోషణభారము వారికే అప్పగించిరి. మఱికొందఱికిని మొక్క లిచ్చిరి గాని, "మీకేల శ్రమ, పరిచారికలే నీరు పోయుదురు" అని చెప్పిరి. కొన్ని వారములకు మొదటివారు ఎక్కువ హుషారుగా, ఎక్కువ సంతోషముగా కనబడిరి. ఇందులో మొక్క వంతెంతయో, స్వయముగా నిర్ణయించుకొనుట వంతెంతయో విడదీసి చెప్పుటకు వీలులేదు. ఐనను రెండు గుంపులకును మొక్క లున్నవన్నది గమనింపదగినది. కన్నులెదుట పచ్చదనము అందఱికి నున్నది; పోషించు బాధ్యత మాత్రము మొదటివారికే యున్నది.

మన యిండ్లలోను చూడుడు. నలుబది యేండ్లు వంటయిల్లు, పాడి, పంట, పిల్లలు అన్నియు తన చేతిమీద నడిపిన యిల్లాలు కోడలు వచ్చిన పిదప "మీరు కూర్చుండుడత్తా" అను మాటతో గోడవార చేరును. ఆ మాట గౌరవమే; కాని దానితో చేతిలోని పని పోవును, ఆ పనితో పాటు తన యవసర మింట నున్నదను నమ్మకమును పోవును. నీటిని గూర్చి, ఖర్చును గూర్చి ఆమె పలుకు ఆక్షేపణలలో సగము ఈ వెలితినుండి పుట్టినవే. పేడ యెప్పుడు మాగునో, కార్తె యెప్పుడు మాఱునో, గానుగపిండి యెంత నానవలెనో ఆమెకు తెలిసినంత మనకు తెలియదు.

కావున, సోదరీ, మీ ప్రశ్నకు నా సమాధాన మిది. ఆఱు తొట్లలో మిగుల క్షీణించినవి రెండు తీసివేయుడు. నాలుగింటిని ఉంచుకొనుడు. ముదురాకు పండినదో, లేతాకు పాలినదో చూచి గానుగపిండి తేటయో, అన్నభేదియో నిర్ణయింపుడు. కూరలు కడిగిన నీటి గిన్నెను వేఱుగా నుంచుడు. పిదప మీ యత్తగారిని పిలిచి "అత్తా, ఈ కరివేపయు, మల్లెయు నాచేత నిలుచుట లేదు, మీరు చూచుకొందురా?" అని యప్పగింపుడు. అప్పగించిన పిదప నీరెంత, ఎరువెంత యను నిర్ణయము పూర్తిగా ఆమెదే కావలెను. వెనుకనుండి సవరింపకుడు. ఒక తొట్టి వాడినను వాడనిండు. రెండు నెలలు గడచిన మీదట ఏమైనదో నాకు వ్రాయుడు. మీ యనుజ్ఞపై పేరు లేకుండ ఈ శీర్షికలో ప్రకటింతును.

వచ్చెడు నెల తమలపాకు తీగను నీడపట్టున తొట్టిలో పెంచు విధమును వ్రాయుదును. గానుగపిండి నానబెట్టుటలో మీ మీ యిండ్ల యలవాట్లు వేఱుగా నున్నచో తెలుపగోరెదను.